ఆమోసు చెయ్యి పెట్టిన కంప్యూటర్

ఢిల్లీ జనక్‌పురి తెలుగు చర్చిలో ఏ యంత్రం మూలిగినా అందరి చూపూ ఆమోసు మీదికే పోయేది. మైకు కీచుమన్నా, ఫ్యాను టకటకలాడినా, "బ్రదర్ ఆమోసు ఉన్నాడుగా" అనేవాళ్ళు. అసలు ఆయనకు యంత్రాల గురించి ఏం తెలుసని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాడు, ఎక్స్‌రే అంటే పెద్ద మిషను, కాబట్టి చిన్న మిషన్లన్నీ ఆయన చెప్పినట్టు వింటాయని వాళ్ళ లెక్క. ఇన్నేళ్ళుగా ఆ మిషను దగ్గర ఆయన చేసిందల్లా "ఊపిరి బిగబట్టండి... ఆఁ, వదలండి" అని చెప్పి మీట నొక్కడం. అది మొరాయిస్తే కంపెనీవాళ్ళు వచ్చి బాగుచేసి పోయేవాళ్ళు. ఆ సంగతి ఆమోసు చర్చిలో ఎన్నడూ పొక్కనివ్వలేదు. పదిమంది గొప్పవాడివంటుంటే కాదనడం ఏం మర్యాద?

అసలాయన ఎక్స్‌రే చదువులో పడ్డ కథ వేరే ఉంది. రేపల్లెలో ఇంటర్ కాగానే వాళ్ళ నాన్న తీసుకెళ్ళి ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా పెట్టాడు. మొదటిరోజే ఎవరికో రక్తం తియ్యడం చూసి ఆమోసు నిలువునా కింద పడ్డాడు. పేషెంటు లేచి ఆయనకు మంచినీళ్ళు తాగించాడట! రక్తం కనపడకుండా ఆసుపత్రిలో చేసుకునే ఉద్యోగం ఏదన్నా ఉందా అని వెతికితే ఇది దొరికింది. పోనీ పెళ్ళన్నా చూసి చేసుకున్నాడా? స్టాఫ్ నర్సు సరళకుమారిని చేసుకున్నాడు. ఆవిడ పగలంతా జనానికి సూదులు గుచ్చి, ఇంటికొచ్చి నిమ్మళంగా పప్పు తాలింపు పెట్టుకునేది. కాలేజీకెళ్ళే కూతురు షెరిన్‌ది మాత్రం అచ్చం తండ్రి పోలిక. సూది పేరెత్తితే వీధి చివర ఉండేది.

చర్చికి ఒక సహాయ సంఘం ఉండేది. ఆంధ్రా నుంచి వైద్యానికని ఢిల్లీ వచ్చినవాళ్ళకు ఏ గేట్లో దూరాలో, ఏ చీటీ ఏ కిటికీలో ఇవ్వాలో చెప్పడం, రక్తం కావలసివస్తే ఇచ్చేవాళ్ళను పట్టుకురావడం దాని పని. ఆ సంఘానికి ప్రాణం నాగేంద్రమ్మగారు. నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరైన తెనాలి మనిషి. రక్తం ఇస్తామని ఒప్పుకున్న ప్రతి మనిషి పేరూ, గ్రూపూ, ఫోను నంబరూ ఆవిడ పదకొండేళ్ళుగా నాలుగు లావుపాటి నోటు పుస్తకాల్లో రాసుకుంటూ వచ్చారు. మొత్తం మూడువందల పన్నెండు పేర్లు.

2006లో ఒక ఆఫీసువాళ్ళు పాత కంప్యూటర్లు తీసేస్తూ సంఘానికి ఒకటి దానమిచ్చారు. దానికి పూలదండ వేశారు, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు, మీటింగు పుస్తకంలో "బ్రదర్ ఆమోసు, ఐ.టి. వాలంటీర్" అని రాశారు. ఐ.టి. అంటే ఏంటో ఆమోసు ఇంటికెళ్ళి షెరిన్‌ని అడిగి తెలుసుకున్నాడు. "పాపా, ఆప్ ఔర్ ఐటీ?" అని ఆ పిల్ల హిందీలో తండ్రిని వెక్కిరించి, మంచం మీద పడి నవ్వింది.

అయినా పంతం పట్టి, రెండు వేళ్ళతో రెండు నెలలు కొట్టి, నాలుగు పుస్తకాలూ కంప్యూటర్లోకి ఎక్కించాడు. బి నెగెటివ్ పేజీలో ఒక చిన్న తప్పు కూడా పట్టుకున్నాడు. ఏడుగురి పేర్ల కింద ఎనిమిది అని అంకె వేసి ఉంది, పక్కన ఏమీ లేదు. పెద్దావిడ పొరపాటు పడ్డారులే అని ఆ అంకె తీసేశాడు. జాబితా అయ్యాక సరళకుమారి కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. "అందరూ ఉన్నారయ్యా, ఒక్కళ్ళు తప్ప" అంది.

"టైపు కొట్టేవాడి పేరు ఎవరన్నా వేసుకుంటారటే?" అన్నాడు ఆమోసు. ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

అంతటితో ఆగాడా మహానుభావుడు? "ఇంక ఈ పుస్తకాలతో పనేముంది ఆంటీ? అంతా లోపలుంది" అని నాగేంద్రమ్మగారితో అన్నాడు. "ఉండనియ్యి అబ్బాయ్, అన్నం తింటున్నాయా ఏంది?" అన్నారావిడ. బొద్దింకలు పడుతున్నాయని చెప్పి, ఆవిడ ఊళ్ళో లేని వారం చూసి నాలుగు పుస్తకాలూ పాత కాగితాలు కొనే కబాడీ బండివాడికి ఇచ్చేశాడు. బల్ల ఖాళీ అయి గది ఎంత నీట్‌గా ఉందోనని మురిసిపోయాడు కూడా.

నవంబరు మొదటి ఆదివారం ఆరాధనకు ముందు ఆమోసు మీట నొక్కితే తెర వెలగలేదు. లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. చుట్టూ నలుగురు చేరారు. ఏం చెయ్యాలో తెలియక, తెలియదని చెప్పుకోలేక, ఆమోసు దాని నెత్తిన చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. మళ్ళీ నొక్కాడు. వెలిగింది! అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే.

అప్పుడన్నా ఊరుకుంటే బాగుండేది. ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. వారంలో తమకు జరిగిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకాయన గ్యాసు కనెక్షను వచ్చిందని చెప్పాడు. ఒకావిడ ఉద్యోగం పర్మినెంటయిందని చెప్పింది. ఆమోసు కాళ్ళు ఆయన్ను అడక్కుండానే లేచి నిలబడ్డాయి.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ ఉదయం మన సంఘం కంప్యూటర్ చనిపోయింది. నేను చెయ్యి పెట్టాను. లేచింది!"

హాలంతా స్తోత్రం, హల్లెలూయా. కమలాకుమారి సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. సరళకుమారి మాత్రం తల వంచుకుని చెప్పుల కేసి చూస్తూ కూర్చుంది.

సోమవారం సాయంత్రం ఆమోసు చర్చికి వెళ్ళి మీట నొక్కితే టిక్కు టిక్కు. చెయ్యి పెట్టాడు. టిక్కు టిక్కు. రెండు చేతులూ పెట్టాడు. మోకాళ్ళూనాడు. నలభైసార్లు నొక్కి ఉంటాడు. నలభయ్యోసారి ఆ టిక్కు కూడా వినపడలేదు.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కమలాకుమారి మిక్సీతో కూర్చుని ఉంది. "పచ్చడి పడట్లేదు బ్రదర్. ఒక్కసారి చెయ్యి పెట్టండి." మర్నాడు ఒకాయన ఇన్వర్టర్ మోసుకొచ్చాడు. బుధవారం ఒక పెద్దాయన రిమోట్ తెచ్చి, తమ టీవీ ఇంటి దగ్గరే ఉందనీ, దూరం నుంచైనా పనిచేస్తుంది కదా అనీ అడిగాడు. కంప్యూటర్ మళ్ళీ చచ్చిందంటే దేవుడి పరువు పోతుందని ఆమోసు నోరు విప్పలేదు. ఎవరి పరువు కోసం దాస్తున్నావురా ఆమోసూ అని అద్దంలో మనిషి అడిగితే గడ్డం గీసుకోవడం ఆపి ఇవతలికొచ్చాడు.

ఈలోగా నాగేంద్రమ్మగారి ఫోను. "ఆమోసూ, నిజాంపట్నం నుంచి అంకయ్య అని ఒకాయన వచ్చాడు. చేపలు పట్టుకునే మనిషి. గుండె ఆపరేషను వచ్చే గురువారం. బి నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదంట, మనల్నే నలుగుర్ని తెచ్చుకోమన్నారు. లేకపోతే ఆపరేషను వాయిదా. ఇప్పటికే బాగా ఆలస్యమైందంటున్నారు. పుస్తకాలు ఎటూ బండివాడికి ఇచ్చేశావుగా, ఆ ఏడుగురి నంబర్లు కంప్యూటర్లో తియ్యి."

"సర్వర్ డౌన్ ఆంటీ" అన్నాడు ఆమోసు. ఆ మాట ఆయన బ్యాంకులో విన్నాడు. సంఘం కంప్యూటర్‌కు సర్వరూ లేదు, పాడూ లేదు.

"అదేందో నాకు తెలీదు. త్వరగా లేపు. నీ చేతిలో పనేగా" అని పెట్టేశారావిడ.

మర్నాడు ఛాతీ ఎక్స్‌రేకని ఆయన గదిలోకి వచ్చింది ఆ అంకయ్యే. ఎండకు నల్లబడ్డ బక్కపల్చటి మనిషి. నాలుగు అడుగులు వేసేసరికి ఆయాసం. తెలుగు మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. "తమరేనా ఆమోసు బాబు? నాగేంద్రమ్మగారు చెప్పారు. నాకు కావాల్సిన రక్తం తమరి కంప్యూటర్లో భద్రంగా ఉందంట గదా. ఇంక నాకు బెంగ లేదు బాబూ."

"ఊపిరి బిగబట్టండి" అన్నాడు ఆమోసు. వదలమని చెప్పడం మర్చిపోయాడు. అంకయ్య పాపం బుగ్గలు పూరించుకుని అలాగే నిలబడ్డాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగీ దిగగానే ఆమోసు సైబర్ కేఫ్‌లో కూర్చున్నాడు. ధర్మసంస్థల కంప్యూటర్లకు సాయం అని వెతికాడు. ఎన్ని దొరికాయో! ఒకచోట సాఫ్ట్‌వేరు ఉచితంగా ఇస్తారట, పదకొండు పేజీల దరఖాస్తు నింపి, రిజిస్ట్రేషను పత్రాలు జతచేస్తే మూడు నెలల్లో జవాబిస్తారట. ఒకచోట పాత కంప్యూటర్లు దానమిస్తారట, అదీ వాళ్ళ దేశంలోని వాళ్ళకే. చివరికి ఒకచోట తనలాంటి వాలంటీర్లే ఒకళ్ళ కష్టాలు ఒకళ్ళకు రాసుకుంటున్నారు. లోకంలో ఇంతమంది ఆమోసులున్నారా అని ఆయనకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషులో ఒక ఉత్తరం కొట్టాడు. గౌరవనీయులకు వందనాలతో మొదలుపెట్టి, రేపల్లెలో తన చదువు, సంఘం చరిత్ర, అయ్యగారి పేరు అన్నీ రాసి, కంప్యూటర్ చచ్చిన సంగతి ఆఖరి వాక్యంలో పెట్టాడు.

శుక్రవారానికి నాలుగు జవాబులు వచ్చాయి. మూడింట్లో మొదటి ప్రశ్న ఒకటే: ఇంకో కాపీ ఎక్కడుంది? ఒకాయన అయితే, దయచేసి దాన్ని ఇక ఆన్ చెయ్యకండి, చేసినకొద్దీ పాడవుతుంది అని రాశాడు. ఆమోసు ఆ నలభైసార్లూ తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు. నాలుగో జవాబు ఢిల్లీ నుంచే వచ్చింది. "అంకుల్, మీరు తెలుగువాళ్ళా? నా పేరు శ్రీవల్లి. జియా సరాయ్‌లో ఉంటా. శనివారం తీసుకరండి, చూస్తా."

శనివారం కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని జియా సరాయ్ చేరాడు. మూడంతస్తులు మోసుకెళ్ళాడు. శ్రీవల్లిది వరంగల్లు. ఎంట్రెన్సుకు చదువుకుంటూ, తీరిక దొరికినప్పుడు సంస్థల కంప్యూటర్లు చూసిపెడుతుంది. ఇంతకాలం ఇట్లాంటి పిల్ల ఒకతి ఊళ్ళో ఉందని తెలుసుకోకుండా తనే ఐ.టి. అని ఊరేగినందుకు ఆమోసుకు సిగ్గేసింది. మంచం మీద పుస్తకాలు జరిపి, ఆ అమ్మాయి పెట్టె విప్పింది. డిస్కు తీసి తన కంప్యూటర్‌కు తగిలించింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. గంటసేపు ఏవేవో చేసింది.

"పోయింది అంకుల్. పూర్తిగ పోయింది. వేరే కాడ కాపీ పెట్టిన్రా?"

"లేదమ్మా."

"మరి ఆ నోటుబుక్కులు?"

"కబాడీకి ఇచ్చాను."

శ్రీవల్లి ఆయన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "గింతకీ ఆ లిస్టు దేనికి అంకుల్?" అని అడిగింది. అంకయ్య సంగతి చెప్పాడు. బి నెగెటివ్ కావాలనీ, ఆ ఏడుగురు ఎవరో ఎక్కడున్నారో తనకు తెలియదనీ చెప్పాడు.

"నాది ఓ పాజిటివ్. పనికిరాదు" అంది ఆ పిల్ల వెంటనే, ఎవరూ అడక్కుండానే. "మీదేం గ్రూపు అంకుల్?"

"తెలీదమ్మా" అన్నాడు ఆమోసు.

ఎదురు గదిలో కుక్కరు ఈల వేసింది. ఆమోసు ఉలిక్కిపడ్డాడు. తెలియకేం! ఆసుపత్రి గుర్తింపు కార్డు మీద, ఆయన ఫొటో కిందే ఎర్ర అక్షరాల్లో అచ్చయి ఉంది: బి నెగెటివ్. ఆ కార్డు ఆ క్షణంలో కూడా ఆయన చొక్కా జేబులోనే ఉంది.

తిరుగు బస్సులో చచ్చిన కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒరే ఆమోసూ, నీలాంటి పిరికివెధవ ఈ బస్సులో ఇంకొకడు ఉన్నాడట్రా? ఏడుగురి కోసం ప్రపంచమంతా ఉత్తరాలు రాశావు. ఎనిమిదో వాణ్ణి జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. ఓ పాజిటివ్ పిల్ల పుస్తకాలు పక్కనపెట్టి గంటసేపు నీ డొక్కు పెట్టె చూసింది. పైగా ఆ పిల్లతో అబద్ధం! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క సీటాయన చూసి, "క్యా హువా భయ్యా, మెహంగా థా?" అని అడిగి, చాలా ఖరీదైనదేమోనని కంప్యూటర్ కేసి జాలిగా చూశాడు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమోసు లేచాడు. హాలు హాలంతా సర్దుకుని కూర్చుంది. ఈ వారం ఏం లేచిందో వినాలని అందరికీ ఆత్రం.

"అందరికీ వందనాలు. పోయిన వారం నేను లేచిందని చెప్పిన కంప్యూటర్ సోమవారమే చచ్చిపోయింది. వారమంతా మీ అందరి దగ్గరా దాచాను. దాంట్లో మూడువందల పన్నెండు పేర్లు పోయాయి. పుస్తకాలు వద్దన్నా వినకుండా కబాడీకి ఇచ్చింది నేనే. నాకు యంత్రాల గురించి ఏమీ తెలీదు. ఎప్పుడూ తెలీదు." జేబులో నుంచి కార్డు తీసి పైకెత్తాడు. "అంకయ్యగారికి నలుగురు కావాలి. ఒక పేరు ఇక్కడుంది. నాకు సూదంటే భయం. అందుకని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

హల్లెలూయా అనాలో వద్దో ఎవరికీ తేల్లేదు. అప్పుడు వెనక వరసలో నుంచి కమలాకుమారి గొంతు: "అయితే నా మిక్సీ సంగతేంది బ్రదర్?" హాలంతా గొల్లుమంది. అయ్యగారు కూడా బల్ల వెనక్కి తిరిగి నవ్వుకున్నారు.

నాగేంద్రమ్మగారు మాత్రం నవ్వలేదు. ఆవిడ ముఖం పాలిపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచారు. ఆరాధన అయ్యాక ఆమోసు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండుననుకున్నాడు.

"పదకొండేళ్ళు రాశాను. కొందరన్నా గుర్తుండరా?" అని ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. బి నెగెటివ్ ఏడుగురిలో ఐదుగురి పేర్లు వచ్చాయి. ఇద్దరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. గ్రేటర్ నోయిడా హాస్టల్లో ఉండే ఆస్టిన్, ఇంకా ఇద్దరు మిగిలారు. చర్చిలో వాళ్ళూ వీళ్ళూ ఫోన్లు తిప్పి సాయంత్రానికి ముగ్గుర్నీ పట్టారు.

"నీతో కలిసి నలుగురు" అన్నారావిడ. "టైపు కొట్టేటప్పుడు ఆ పేజీలో ఎనిమిదో నంబరు చూశావా అబ్బాయ్?" అని అడిగారు.

"చూశానాంటీ. పేరు లేదు. పొరపాటున వేశారనుకుని తీసేశాను."

"పొరపాటు కాదు. పుస్తకం మొదలుపెట్టిన ఏడాదే సరళ నీ గ్రూపు చెప్పింది. ఒప్పుకోని మనిషి పేరు నేను రాయను. ఎప్పటికన్నా వస్తావులే అని నంబరు వేసి ఉంచాను."

పదకొండేళ్ళు. ఆమోసు భార్య వైపు తిరిగాడు. సరళకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

మంగళవారం బ్లడ్ బ్యాంకులో ఆమోసు సూదిని చూసి పడిపోలేదు. సూది దాకా రానే లేదు. మంచం చూడగానే పడిపోయాడు. లేపి, ఫ్రూటీ తాగించి, మళ్ళీ పడుకోబెట్టారు. సరళకుమారి ఆయన ముఖం తన వైపు తిప్పుకుని, "ఇటు చూడు. నన్నే చూడు. ఊపిరి బిగబట్టు" అంది. బిగబట్టాడు. "ఆఁ, వదులు" అంది. అప్పటికి సూది దిగిపోయింది. ఆస్టిన్ పక్క మంచం మీద పడుకుని, అంకుల్ మాటిమాటికీ "అయిపోయిందా?" అని అడగడం చూసి మంచం ఊగేలా నవ్వాడు.

గురువారం అంకయ్య ఆపరేషను జరిగింది. క్రిస్మస్ ముందు ఆయన ఊరికి వెళ్ళి, ఆమోసు పేరున ఎండు చేపల పార్సెల్ పంపాడు. దాని వాసనకు కింది ఫ్లోరు పంజాబీ ఆంటీ మూడురోజులు కిటికీలు మూసుకుంది.

ఆ తర్వాత శ్రీవల్లి నాలుగు ఆదివారాలు చర్చికి వచ్చి జాబితా మళ్ళీ కట్టింది. ఒక కాపీ చర్చిలో, ఒకటి తన దగ్గర, ఒకటి సీడీలో ఎక్కించి సరళకుమారి బీరువాలో పట్టుచీరల మధ్య. నాగేంద్రమ్మగారు వీటితో ఊరుకోక కొత్త నోటు పుస్తకం కొన్నారు. బి నెగెటివ్ పేజీ తీసి, కలం ఆమోసు చేతికిచ్చారు. ఎనిమిదో నంబరు పక్కన ఆయనే తన పేరు రాసుకున్నాడు.

ఆవిడ పుస్తకం వెనక్కి తీసుకుని, కింద తొమ్మిది అని అంకె వేశారు. పక్కన ఏమీ రాయలేదు. తలెత్తి, గుమ్మం దగ్గర నిలబడ్డ షెరిన్ వైపు చూశారు.

"పాపా, మేరా అసైన్‌మెంట్ హై" అని చదువు వంక పెట్టి షెరిన్ మెట్లు దిగి మాయమైపోయింది.

ఆమోసు ఆ పిల్లను పిలవలేదు. పుస్తకం మాత్రం తీసుకెళ్ళి చర్చి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి నాగేంద్రమ్మగారి చేతికే ఇచ్చాడు.